కింది దారం

దాచేపల్లిలో లారీలు ఆగే చోట అలీ సాహెబ్ పట్టాల కొట్టు తెలియని డ్రైవరు లేడు. పేరు ఆయనదే గానీ పదేళ్లుగా అక్కడ మిషను తొక్కేది పెద్ద కూతురు ఫర్జానా. సిమెంటు లోడు మీద కప్పే పట్టా చిరిగితే ఆమె చేతిలో పెడితే చాలు, వానొచ్చినా గాలొచ్చినా ఆ కుట్టు ఊడదని అందరూ అనేవాళ్లు. అనీ అనీ చివరికి ఆ మాట ఆమెకే తలకెక్కింది. చేతిపని చేసేవాళ్లకు పొగడ్త ఒంటికి పడదు, నన్నడిగితే.

అలీ సాహెబుకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ చేయించారు, పెద్దగా లాభం లేకపోయింది. మిషను దగ్గర కూర్చోలేడు, అట్లాగని ఊరికే ఇంట్లోనూ కూర్చోలేడు. అందుకని పొద్దున్నే కొట్లోకి వచ్చి బాబిన్లకు దారం చుట్టి డబ్బాలో వేస్తుంటాడు. మిషను కుట్టుకు రెండు దారాలు కావాలి కదా, పైన సూదిలో ఒకటి, కింద బాబిన్‌లో ఒకటి. రెండూ మెలిపడితేనే కుట్టు. పట్టాల పనికి ఆయన ఎప్పుడూ నూలు దారమే చుడతాడు. వాన పడితే నూలు ఉబ్బి సూది బెజ్జాన్ని మూసేస్తుంది, చుక్క నీరు దిగదు. పాలిస్టరు దారానికి ఆ గుణం లేదు. మైనం పట్టించాక మాత్రం రెండూ తెల్లగా నున్నగా ఒక్కలాగే కనిపిస్తాయి.

ఆ గురువారం పొద్దున తొమ్మిది గంటలప్పుడు, దారపు రీలు కోసం తడుముకుంటున్న ఆయన చేతికి జానెడు బెల్టు ముక్క తగిలింది. లారీల మీద లోడు బిగించే నారింజ రంగు బెల్టులోది. ఇదేందని అడిగాడు. మొన్నామధ్య తమ్ముడికి నడుం బెల్టు కుట్టాను కదా అబ్బా, మిగిలిన ముక్క మీద కూడా రెండు కుట్లు వేసి చూశానని ఫర్జానా తల ఎత్తకుండానే చెప్పింది. ముసలాయన ఆ కుట్టు మీద గోరు పెట్టి గీశాడు. ముక్క తిప్పి అవతలి వైపు కూడా గీశాడు.

“పైన పాలిస్టరు ఏశావు. కింద నూలు ఏందమ్మా?” అన్నాడు.

తప్పు పట్టినట్టు అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందేమని అడిగినట్టు అడిగాడు, అంతే. ఫర్జానా కాలు మిషను మీద ఆగిపోయింది. ముక్క లాక్కుని వెలుతురులో పెట్టి చూసింది. కుట్టు విప్పి కింది దారాన్ని పీకి, అగ్గిపుల్ల గీసి అంటించింది. పాలిస్టరయితే కరిగి ముద్దవుతుంది. ఇది కాగితంలాగా కాలి బూడిదై రాలింది.

ఆమె ఒళ్లు చల్లబడిపోయింది.

ఎందుకో తెలియాలంటే ఆ బెల్టు సంగతి చెప్పాలి. తమ్ముడు ఐజాజ్ ఆమెకంటే పన్నెండేళ్లు చిన్నవాడు. తల్లి పోయేనాటికి చంకలో పిల్లాడు, ఎత్తుకు తిరిగింది, అన్నం తినిపించింది, బడికి పంపింది ఈమే. వాడు పెయింటరయ్యాడు. ఇళ్లకు రంగులు వేసుకుంటూ సుఖంగా ఉన్నవాడు ఉండక, ఈ ఏడు ఎత్తు పనులు మొదలుపెట్టాడు. పెయింట్ల కొట్టు శ్రీమన్నారాయణ గురజాల దారిలో ఒక ఊరి వాటర్ ట్యాంకుకు రంగు వేసే పని ఒప్పుకుని, ఐజాజ్‌నూ వాడి జతగాడు వెంకటేష్‌నూ పంపించాడు. అరవై అడుగుల ట్యాంకు. పైనున్న గిన్నె లాంటి భాగానికి రంగు వెయ్యాలంటే రెండు తాళ్లకు కట్టిన పలక మీద కూర్చుని గాల్లో వేలాడాలి. పలక జారితే మనిషిని ఆపడానికి నడుముకు బెల్టు, ఆ బెల్టు రింగుకు ఇంకో తాడు ఉంటాయి. శ్రీమన్నారాయణ ఇచ్చిన బెల్టులు కంపెనీవే గానీ ఎండకు వెలిసిపోయి ఉన్నాయి, ఒకదాని బకిల్‌కు తుప్పు. ఐజాజ్ అవి చూసి ఇంటికొచ్చి అక్కతో, ఆపా, నువ్వే ఒకటి కుట్టియ్యి, నీ కుట్టు మీదున్న నమ్మకం నాకు ఏ కంపెనీ మీదా లేదన్నాడు. ఇంకేముంది, ఈమె పొంగిపోయింది.

లెక్క చూసుకోకుండా కుట్టిందని అనలేం. లారీ బెల్టు మీద చీటీ ఉంది, రెండు వేల అయిదు వందల కిలోలని. తమ్ముడు అరవై రెండు కిలోలు. సిమెంటు ఫ్యాక్టరీలో సేఫ్టీ పని చూసే అమర్నాథ్ పట్టాలు బాగుచేయించుకోవడానికి వచ్చినవాడు ఆ బెల్టు చూసి మొహం చిట్లించాడు. ఇట్టాంటివి ఇంట్లో కుట్టుకునేవి కాదమ్మా అన్నాడు. ఊరికే వేలాడితే మనిషి బరువే పడుతుంది, అదే నాలుగడుగులు జారి టక్కున ఆగితే ఆ ఒక్క గుంజుకు ఏడెనిమిది వందల కిలోలు పడొచ్చని చెప్పాడు. అందుకే కంపెనీ వాళ్లు టన్నున్నర ఆగేట్టు చేసి, లాగి చూసి గానీ చీటీ అంటించరని, తాడుకు ముడి వేస్తే సగం బలం ఆ ముడే మింగేస్తుందని విడమరిచాడు. వెళ్లేటప్పుడు ఇంకో మాట అన్నాడు.

“ఆ చీటీ బెల్టుకేనమ్మా. నీ కుట్టుకు ఎవరూ చీటీ రాయలేదు.”

ఆ మాట ఫర్జానాకు గుచ్చుకుంది. రోషమొచ్చింది. రింగు దగ్గర మడత మీద నాలుగు నిలువు వరసలు, రెండు అడ్డ వరసలు, మొత్తం నూట యాభై కుట్లు వేసింది. ఒక్కో పాలిస్టరు కుట్టు ఎనిమిది కిలోలు ఆపుతుందని వేసుకుంటే పన్నెండు వందలు. అమర్నాథ్ చెప్పిన గుంజు కంటే నాలుగు వందలు ఎక్కువే. అదీ చాలక, కొట్టు ముందు ఆగిన లారీ కొక్కేనికి ఆ బెల్టుతోనే రెండు సిమెంటు బస్తాలు వేలాడదీసింది. సాయంత్రం దాకా వేలాడాయి, దారప్పోగు కదల్లేదు. డ్రైవర్లు చూసి శెభాష్ అన్నారు.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపించింది. పాలిస్టరు దారం ఆమె ఒక్క బాబిన్‌కే చుట్టుకుంది. నడుం పట్టీ కుట్టేసరికి అది అయిపోయింది. చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయి, తండ్రి చుట్టిపెట్టిన బాబిన్‌ను తీసి మిషన్లో పెట్టింది. పదేళ్లుగా రోజుకు పదిసార్లు చేసే పని, దానికి చూపెందుకు? రింగు మడత మొత్తం ఆ బాబిన్‌తోనే కుట్టింది. మనిషి బరువంతా ఆనే చోట పైన పాలిస్టరు, కింద నూలు. పైదెంత గట్టిదైతే ఏం లాభం, కింది దారం తెగిన క్షణాన కుట్టు విడిపోతుంది.

సరే, నూలయినా కుట్టుకు మూడు కిలోలు ఆపదా, నూట యాభై కుట్లకు నాలుగు వందల యాభై, బస్తాలను ఆపింది కదా, వాడు జారకుండా ఉంటే చాలు అని మనసుకు నచ్చజెప్పుకోబోయింది. అప్పుడే కొట్టు వెనక దండెం మీద ఆరేసిన తమ్ముడి చొక్కా కంటపడింది. మూడు రోజులుగా ట్యాంకు మీది పాచినీ పాత సున్నాన్నీ యాసిడ్‌తో కడిగి, కడిగిన మేర రంగు వేస్తున్నారు. నిన్న సాయంత్రం వాడు చొక్కా విప్పి, చూడు ఆపా జల్లెడైపోయిందని నవ్వాడు. చొక్కా నూలుది. దాంతోపాటే తొడిగిన పాలిస్టరు ప్యాంటుకు మాత్రం ఏమీ కాలేదు. ఫర్జానా వెళ్లి, బెజ్జాలు లేని చోటు చూసి చొక్కాను రెండు చేతులతో పట్టుకుని లాగింది. అప్పడంలాగా చిరిగిపోయింది. బెల్టుకు కూడా మూడు రోజులుగా ఆ యాసిడే తగులుతోంది.

లెక్కలన్నీ అక్కడితో సరి. కింది దారంలో ఇంకెన్ని కిలోల బలం మిగిలి ఉందో చెప్పగలిగిన వాళ్లు ఈ లోకంలో ఎవరూ లేరు. వంద ఉండొచ్చు, పది ఉండొచ్చు, అసలేమీ లేకపోవచ్చు. ఏందే, ఏమైందే అని తండ్రి అడుగుతుంటే ఫర్జానా ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది. ఐజాజ్ ఎత్తలేదు. పైకెక్కేటప్పుడు వాడు ఫోను బండి డిక్కీలో పెట్టేస్తాడు. నాలుగుసార్లు చేసింది. వెంకటేష్‌ది స్విచ్చాఫ్. శ్రీమన్నారాయణ ఎత్తాడు గానీ నరసరావుపేటలో పెళ్లిలో ఉన్నాడట, వెనక మేళాల మోత. రెండున్నర టన్నుల బెల్టమ్మా అది, కంగారు పడమాక అన్నాడు. బెల్టు కాదు, దారం, దారం అని ఈమె అరిచింది. ఆయనకు వినపడలేదో, వినపడినా అర్థం కాలేదో, సాయంత్రం మాట్లాడదామని పెట్టేశాడు.

స్కూటీ తీసింది. బుర్ఖా వేసుకోలేదు, చెప్పులు కూడా ఒకటి ఇంటిది ఒకటి బయటిది. ఆ ట్యాంకు పద్నాలుగు కిలోమీటర్లు. సిమెంటు లారీలు దుమ్ము రేపుతూ పోతున్న రోడ్డు మీద, ఎప్పుడూ నలభై దాటని మనిషి అరవై మీద పోతోంది. దారి పొడవునా ఒక్కటే కళ్లముందు ఆడింది: వాడు పలక మీద నుంచి వెనక్కి ఆనుతాడు, రింగు దగ్గర మడత జిప్పు తీసినట్టు తెరుచుకుంటుంది. ఎంత వద్దనుకున్నా అదే. రోజూ చదువుకునే దువా మొదటి మాట దగ్గరే ఆగిపోయింది, రెండో మాట గుర్తుకు రాలేదు. అల్లా, అల్లా అని మాత్రం అనుకుంటూ పోయింది.

సగం దారిలో రైలు గేటు పడింది. గూడ్సు. ఎన్ని పెట్టెలు, ఎన్ని పెట్టెలు, ఆ దిక్కుమాలిన రైలు అట్లా పోతూనే ఉంది. గేటు కింది నుంచి దూరి పరిగెత్తుదామా అనిపించింది, అవతల ఇంకా ఏడు కిలోమీటర్లు. పక్కన ఆటోలో కూర్చున్న పెద్దావిడ ఈమె మొహం చూసి, ఏందమ్మా, ఆసుపత్రికా అని అడిగింది. ఫర్జానా తల ఊపింది. నిజం చెప్పే ఓపిక లేదు. తమ్ముణ్ణి నేనే చంపుకుంటున్నానని ఎవరితో చెప్పుకుంటుంది? వాడికి బెల్టు లేకపోయినా బాగుండేదని అప్పుడనిపించింది. బెల్టు లేనివాడు జాగ్రత్తగా కూర్చుంటాడు, గట్టిగా పట్టుకుంటాడు. నమ్మకమైన బెల్టు ఉన్నవాడు రెండు చేతులూ వదిలేస్తాడు. ఆ నమ్మకం కుట్టి ఇచ్చింది తనే.

గేటు లేచింది. మిగతా దారి ఎట్లా పోయిందో ఆమెకు తెలియదు.

ఊరి చివర, జొన్నచేల పక్కన ట్యాంకు దూరం నుంచే కనిపించింది. సగం తెలుపు, సగం కొత్త నీలం. గిన్నె వంపు కింద పలక మీద ఒక మనిషి వేలాడుతున్నాడు. తలకు తువ్వాల, నడుముకు నారింజ రంగు బెల్టు. వెనక్కి వాలి, చెయ్యి చాచి రోలర్‌తో రంగు రుద్దుతున్నాడు. ఫర్జానా బండి పడేసి పరిగెత్తింది. అరుద్దామని నోరు తెరిచింది.

“ఆపా? నువ్వేంది ఇక్కడ?”

వెనక నుంచి. తిరిగి చూస్తే ఐజాజ్. స్తంభాల నీడలో రంగు డబ్బా మూత ఊడదీస్తూ, మోచేతుల దాకా నీలం రంగుతో, కింద, నేల మీద, రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నాడు.

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వాడి భుజాలు పట్టుకుని ఊపింది, వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది, మళ్లీ మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. అల్‌హమ్దులిల్లా, అల్‌హమ్దులిల్లా అంటూనే ఉంది. వాడు బిత్తరపోయి, అబ్బాకేమన్నా అయిందా అని అడుగుతున్నాడు. పక్కన డ్రమ్ములో రంగు కలుపుతున్న మనిషి లేచి వచ్చింది. గ్రేసమ్మ, వెంకటేష్ భార్య. మొగుడితోపాటే పనికి వచ్చి కింద రంగులు కలిపి అందిస్తుంది. కూర్చో అక్కా, మొహమెట్టా పీక్కుపోయిందో చూడు అని, బోర్లించిన బక్కెట్టు మీద కూర్చోబెట్టి, కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి ఇచ్చింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఫర్జానా గ్లాసు ఖాళీ అయ్యేదాకా దించలేదు. కొంగుతో మూతి తుడుచుకుంది.

అప్పుడు తల ఎత్తి, పైన ఎవరని అడిగింది.

“వెంకటేషు,” అన్నాడు ఐజాజ్. “వాడి బెల్టు బకిలు పట్టట్లేదు ఆపా. ఇయ్యాల నాది కట్టిచ్చా. మా ఆపా కుట్టింది, ఏనుగునైనా ఆపుద్దని చెప్పా.”

ఫర్జానా లేచి వాడి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు పక్కకు లాక్కెళ్లి, గుసగుసగా అంతా చెప్పింది. నూలు దారం, యాసిడ్, చిరిగిన చొక్కా. వాడి మొహంలో రంగు దిగిపోయింది. వెంకటేష్ తనలాగా అరవై కిలోల మనిషి కాదు, ఎనభై అయిదు. అంతకంటే భయపెట్టే సంగతి ఇంకోటి చెప్పాడు. పలక మీద కూర్చున్నంత సేపూ బెల్టు మీద పెద్దగా బరువు పడదు. టీకి పైకి వచ్చేటప్పుడు మాత్రం, బెల్టు తాడు మీద బరువంతా వేసి, గోడకు కాళ్లు తన్నిపెట్టి పాకాలి. వేరే దారి లేదు. వెంకటేష్ టీ వేళకు ఇంకో పావుగంట కూడా లేదు.

అరిచి చెబుదామంది ఆమె. వద్దన్నాడు. బెల్టు మంచిది కాదని అరవై అడుగుల ఎత్తున వేలాడే మనిషికి చెబితే, ఆ భయంతోనే కదిలి జారతాడు. మెల్లగా పైకెక్కి, ఇంకో తాడు దించి, చంకల కింద వేసుకోమని ఏదో మామూలుగా చెప్పాలి. లోడు కట్టే కొత్త మోకు ఒకటి కింద చుట్టగా పడి ఉంది. ఐజాజ్ దానికి వేసిన ఉచ్చు రెండుసార్లు ఊడిపోయింది. ఫర్జానా లాక్కుంది. మోకును రెండు పేటలు చేసింది, ముడి సగం మింగినా ఇంకో సగం మిగలాలని. బిగుసుకోని ఉచ్చు వేసి, ముడి మీద ముడి వేసి, కాలితో తొక్కిపట్టి తన బరువంతా వేసి లాగింది. మళ్లీ లాగింది. పైన రెయిలింగుకు కట్టొద్దు, తుప్పు పట్టి ఉంటది, మెట్ల దగ్గర కాంక్రీటు స్తంభానికి కట్టమని చెప్పింది. వాడు మోకు భుజాన వేసుకుని మెట్లెక్కాడు.

గ్రేసమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. రంగు కలిపే కర్ర డ్రమ్ములో వదిలేసి వచ్చి ఫర్జానా ఎదుట నిలబడి, ఏంది సంగతని అడిగింది. ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. ఫర్జానా నాలుక మీదకు రెండు మూడు వచ్చాయి కూడా. ఆ మనిషి కళ్లలోకి చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

“మీ ఆయన కట్టుకున్న బెల్టు నేను కుట్టిందే. దాని కుట్టు ఆగదమ్మా,” అంది.

గ్రేసమ్మ అరవలేదు. గుండెలు బాదుకోలేదు. ఫర్జానా ముంజేతిని పట్టుకుంది, అంతే. ఆ పట్టుకు ఎముకలు నొప్పెట్టాయి. ఇద్దరూ తలలెత్తి నిలబడ్డారు. పైన ఐజాజ్ మోకు దించుతున్నాడు. ఉచ్చు గాలికి ఊగుతూ వచ్చి వెంకటేష్ భుజానికి తగిలింది. ఇదేందిరా అని వాడు నవ్వుతూ అడగడం కింది దాకా వినిపించింది. మా ఆపా వచ్చింది, కొత్త తాడు ఒకటి చూడమంది, చంకల కింద ఏసుకో అన్నాడు ఐజాజ్.

వెంకటేష్ రోలర్‌ను తగిలించి, ఉచ్చులో తల దూర్చడానికి రెండు చేతులూ ఎత్తబోయాడు. చేతులు ఖాళీ కావాలంటే వెనక్కి వాలి బెల్టుకు ఆనుకోవాలి. బెల్టున్న వాడు ఎవడైనా చేసేది అదే. వాలడం మొదలుపెట్టాడు. తాడు బిగుసుకోవడం కింద ఉన్న ఇద్దరికీ కనిపించింది. ఫర్జానా కళ్లు మూసుకుంది.

“ఏమయ్యా,” అంది గ్రేసమ్మ.

పెద్దగా అరవలేదు. అన్నానికి పిలిచే గొంతే, కొంచెం ఎత్తింది. “ఒక చెయ్యి పలక తాడు మీదే ఉంచు. ఒక్కో చెయ్యే దూర్చుకో. నాకు కింద నుంచి చూస్తంటే కళ్లు తిరుగుతున్నై.”

పైన వాడు ఏదో గొణిగాడు, పెళ్లాం మాట కదా, మళ్లీ ముందుకు వంగి పలక తాడు పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి దూర్చాడు. తల దూర్చాడు. చెయ్యి మార్చి కుడి చెయ్యి దూర్చాడు. ఐజాజ్ మోకును స్తంభానికి ఇంకో చుట్టు తిప్పి బిగించాడు. ఇక ఎక్కు అన్నాడు.

వెంకటేష్ గోడకు కాళ్లు తన్నిపెట్టి పలక మీద నుంచి లేచాడు. రెండడుగులు పాకాడు. మూడో అడుగు పచ్చి రంగు మీద పడి జారింది. మనిషి జానెడు కిందికి దిగాడు, నిజంగా జానెడే, అంతకంటే లేదు. ఆ కాస్తకే నడుం దగ్గర నారింజ మడత బర్రున విడిపోయింది. ఊడిన కొస గాలిలో ఆడింది. రింగు మాత్రం దాని తాడుకు వేలాడుతూ గోడకు కొట్టుకుంది. గ్రేసమ్మ గోళ్లు ఫర్జానా చేతిలో దిగాయి. వెంకటేష్ చంకల కింద మోకు బిగుసుకుని, రెండు పేటలూ కిర్రుమని ఆగాయి. వాడు అట్లాగే గోడకు కరుచుకుని కొంతసేపు కదల్లేదు. తరవాత పైనుంచి ఐజాజ్ చెయ్యి అందించాడు. ఒక కాలు, ఇంకో కాలు రెయిలింగు మీదుగా అవతలికి పోయాయి.

మెట్లు దిగి రావడానికి వాళ్లకు చానాసేపు పట్టింది. వెంకటేష్ నేల మీద కాలు పెట్టాక రెండడుగులు వేసి, మట్టిలోనే కూర్చున్నాడు. నవ్వబోయాడు, రాలేదు. ఐజాజ్ వాడి పక్కనే కూలబడి తల పట్టుకున్నాడు. గ్రేసమ్మ మొగుడి దగ్గరికి పోయి తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసింది. నడుముకు వేలాడుతున్న బెల్టు విప్పి తీసుకొచ్చి, ఫర్జానా ముందు పెట్టింది.

ఫర్జానా ఊడిన మడతను వేళ్లతో తడిమింది. నూలు ముక్కలు పొడిపొడిగా చేతికంటుకున్నాయి. ఎట్లా చెప్పాలో తెలియక, మొదలు నుంచి మొత్తం చెప్పింది. బాబిన్ అయిపోవడం, చెయ్యి అలవాటుగా డబ్బాలోకి పోవడం, బస్తాలు వేలాడదీసి మురిసిపోవడం. క్షమించమని అడిగింది. కాళ్లు పట్టుకుంటానంది. గ్రేసమ్మ అంతా విని, వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

“దారం సంగతికి నాకు కోపం లేదక్కా. చేతిపని. ఎవరమైనా తప్పుతాం. తెలియంగానే పరిగెత్తుకుంటా వచ్చావు, మోకుకు ముడేశావు, నా మొగుడు బతికాడు. అది మర్చిపోను.” బోర్లించిన బక్కెట్టు వైపు చూసింది. “కానీ నువ్వు వచ్చి మీ తమ్ముడు కింద ఉన్నాడని చూశావు. నేనిచ్చిన నీళ్లు గ్లాసుడూ తాగావు. మూతి తుడుచుకున్నావు. అప్పుడు అడిగావు, పైన ఎవరని.”

వచ్చీ రాగానే ఫర్జానా ఆ నారింజ రంగు చూసింది. తమ్ముడు కింద కనిపించాక కూడా అది పైనే ఉంది. అది ఎవరో ఒకరి నడుముకు ఉంటుందని తెలియని పిచ్చిది కాదు. అయినా గ్లాసు దించలేదు.

“అవునమ్మా,” అంది. “నీళ్లు తాగినాకే అడిగాను.”